తీగపేటలో తీపి వాసన

ఆశ్వయుజ బహుళ పాడ్యమి, పొద్దుటి పోటు

ఇది గోడల చిట్టా. మేం కాపురముండే ప్రతి కాయ గోడా తట్టి చూసి, "గట్టి" అనో "మెత్త" అనో ఒక్క ముక్క రాస్తే చాలని ఊరి పెద్ద సరంగుగారి ఉత్తరువు. ఈ పని నా చేతికి వచ్చిన దగ్గర్నుంచి "గట్టి" తప్ప ఇంకో మాట రాసే అవసరం పడలేదు. ఒక్క ముక్కతో సరిపెట్టుకోవడం నాకు చేతకాదు కనక మిగతా సంగతులు కూడా రాస్తుంటాను. చదివేవాళ్లు లేరు, తిట్టేవాళ్లూ లేరు.

ఈ రోజు మా అమ్మాయి వల్లికి ఆడపిల్ల పుట్టింది. తెల్లవారుతుండగా, సరిగ్గా పోటు తిరిగే వేళకి. తల్లీ పిల్లా కులాసా. పురుడు పోసింది మా అత్త బంగారమ్మ. పళ్లు లేవు, చూపు సగమే, అయినా చేతులు మాత్రం ఇప్పటికీ వణకవు. అల్లుడు సింహాద్రి గుమ్మం బయట నిలబడి పిల్ల ఏడుపు విని తనూ ఏడ్చాడు. ఏడవనీ, మంచిదే అనుకున్నాను.

కాయలో జరిగిన మొదటి పురుడు ఇదే. ఇంతకుముందు పురుళ్లన్నీ పాత ఇనప పంటు పడవ మీద జరిగేవి. వంటా అక్కడే, చావు వస్తే స్నానమూ అక్కడే. పోయిన తుఫానుకి పంటు అడుగు ఊడి నీళ్లలో కలిసిపోయింది. వంటకి ఒక తెప్ప కట్టుకున్నాం గానీ, వాయుగుండాల కాలంలో కప్పులేని తెప్ప మీద బాలింతని పడుకోబెట్టలేం కదా. అందుకని మా కాయలోనే ఒక గది సిద్ధం చేశాం. కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కూరి, గోడలకి చాపలు వేలాడదీశాం. వల్లి చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ కట్టింది అత్త. స్నానాలయ్యాక ధూపం వేసింది. గదంతా వెచ్చగా, కమ్మగా ఉంది.

పిల్ల నడినెత్తి మీద ఆముదం పెట్టమంటే పెట్టాను. వేలి కింద మాడు మెత్తగా తగిలింది. ఊపిరి తీస్తున్నట్టు ఆడుతోంది కూడా. చటుక్కున వేలు తీసేశాను. మెత్త అంటే చావు అని నేర్చుకున్న వేలు ఇది, దాని తప్పేం లేదు.

"గోడ కాదే అది, నీ మనవరాలి మాడు," అని నవ్వింది అత్త. "ఏడాది తిరిగేసరికి అదే గట్టిపడుద్ది. తట్టబోకు, నీకు పుణ్యముంటాది."

తర్వాత పడవేసుకుని ఊరంతా తిరిగాను. ఒకే తీగకి కాసిన కాయలు మావి. ఒక్కొక్కటీ ఒక ఇల్లంత. నీళ్లలో మునిగిన పాత లంక మట్టిలో వేరు, నీళ్ల మీద తీగ, తీగ పొడవునా మేము. అన్ని గోడలకీ గుల్లసున్నం తేట పూశాను. వేలి కణుపుతో తట్టాను. అన్నీ ఠంగుమన్నాయి.

అన్ని కాయలూ: గట్టి.

చవితి, సాయంత్రం పాటు, నీరు తీసే వేళ

ఎక్కడో ఏదో వాసన. పొద్దుట నుంచి ముక్కు పట్టుకుని తిరుగుతున్నాను. చేప కుళ్లు కాదు, నాచు కంపు కాదు, ధూపం కూడా కాదు. బాగుంది ఆ వాసన, అదే నా భయం. నోట్లో నీళ్లూరుతున్నాయి. కాయలోనే పెరిగినదాన్ని, నాకు తెలియని వాసన మా ఇంట్లో ఉండడమేమిటి?

బాలింత గదిలోకి వెళ్లేసరికి అది మరీ ఎక్కువైంది. చాప ఎత్తి గోడ తట్టాను.

దబ్బుమంది.

మళ్లీ తట్టాను. ఈసారి తట్టిన చోట వేలి గుర్తు పడింది. పడి అలాగే ఉండిపోయింది. ఆకుపచ్చగా ఉండవలసిన గోడ అక్కడ ఒక చేటంత మేర పసుపు రంగు తిరిగింది.

"ఏంటమ్మా?" అంది వల్లి.

"ఏం లేదే, చెమ్మ," అన్నాను. చాప దించేశాను.

గోడ చెడితే నీటి మట్టం దగ్గర చెడాలి, ఉప్పు తినేసి. ఇది మనిషి భుజమెత్తున, లోపలి వైపు చెడింది. బయటి నుంచి తడితే నిక్షేపంలా ఉంది. ఇలాంటిది నాకు పని నేర్పిన మా అమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదు. సున్నపుతేట మూడు పూతలు వేశాను. మంత్రాలకు చింతకాయలు రాలతాయా అన్నట్టు, పూత కిందే మెత్తదనం పాకుతోంది.

పోతే ఒక గోడే కదా అనుకోవడానికి లేదు. కాయ మెత్తబడితే నీళ్లు దూరతాయి. నీళ్లు దూరిన కాయ తీగని కిందికి లాగుతుంది. తీగ మునిగితే ఊరు మునుగుతుంది. కొత్త పిందె మనిషి కాపురం పెట్టేంత కావాలంటే అయిదేళ్లు పడుతుంది. ఆ అయిదేళ్లు నీళ్ల మీద నిలబడతామా?

మా కాయ: మెత్త. ఈ మాట రాయడానికి చెయ్యి రాలేదు. రాశాను.

పంచమి, పొద్దుట

రేడియో పెట్టె సరంగు యేసుపాదంగారి కాయలో ఉంటుంది. ఊళ్లో అన్నిటికన్నా పెద్ద కాయ ఆయనది, ఉండేది ఆయన ఒక్కరే. భార్య పోయిన దగ్గర్నుంచి ఊరే ఆయన సంసారం. వరసకి నాకు అన్న. నేను చెప్పిందంతా విని, మారు మాట్లాడకుండా పెట్టె తిప్పి, గట్టు మీది విత్తన కేంద్రంతో కలిపారు.

అక్కడ షంషాద్ అనే డాక్టరమ్మ పలికింది. మా తీగ విత్తనం ఇచ్చింది వాళ్ల కేంద్రమే. రంగు అడిగింది, చోటు అడిగింది.

"వాసన ఏమన్నా ఉందా?" అంది.

"ఉందండి. తీపి వాసన."



"నూకరత్నంగారూ, మీరెప్పుడైనా పండు చూశారా?"

"లేదండి. సామెతల్లో వినడమే."

"మీ కాయ పండుతోంది."

ఆ మాట నాకు సగమే అర్థమైంది. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. గోడ నిండా సెల్యులోజ్ దారాలు ఉంటాయట. ఆ దారాల్ని ఒకదానికొకటి కట్టి ఉంచేది హెమిసెల్యులోజ్. సందుల్లో నిండి ఉండే జిగురు పెక్టిన్. మేం పూసే సున్నం లోపలికి వెళ్లి ఆ పెక్టిన్ పోగుల్ని పట్టి బిగిస్తుంది, అందుకే గోడ ఠంగుమంటుంది. పండే వేళ వచ్చినప్పుడు కాయే ఎంజైముల్ని వదిలి ఆ జిగుర్ని ముక్కలుముక్కలుగా కోసేస్తుంది. కోసిన జిగురు మళ్లీ అతకదు, ఎంత సున్నం పూసినా.

"తన గోడ తనే కోసుకుంటుందాండీ?"

"అవును. లోపలి గింజలు బయటపడాలి కదా."

"లోపల గింజలు కాదండి, మేమున్నాం," అన్నాను.

తర్వాత అసలు సంగతి చెప్పింది. పండమని కాయకి చెప్పేది ఇథిలీన్ అనే వాయువు. మా కాయలకి ఆ వాయువు తయారుచేసుకునే శక్తి లేకుండా చేసిన విత్తనం ఇచ్చారు. వాటంతట అవి ఎన్నటికీ పండవు. ఎక్కడి నుంచో వచ్చి తగలాలి. అది ఆగితే పండడమూ అక్కడితో ఆగుతుంది.

"లోపల ఎవరన్నా నిప్పు పెట్టారా?" అంది.

నాకు రోషం వచ్చింది. కాయలో నిప్పు పెట్టకూడదన్నది మా పెద్దల మొదటి కట్టుబాటు. దీపాలు కూడా ఎండ పట్టే బిళ్ల దీపాలే. కాయ అంటుకుంటుందని ఆ కట్టుబాటు పెట్టారనుకుంటాం.

"మా ఊళ్లో కాయలో నిప్పు పెట్టే మనిషి ఇంకా పుట్టలేదండి," అన్నాను.

"అయితే బయటి నుంచి కొత్తగా ఏదో వచ్చి ఉండాలి. ఈ మూడు నాలుగు రోజుల్లో మీ ఇంట్లోకి కొత్తగా ఏం వచ్చింది?"

"ఏమీ రాలేదండి," అన్నాను.

సరంగుగారు నా మొహంలోకి చూశారు. ఆయన ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. నేనూ అదే అనుకున్నాను, అందుకే అంత తొందరగా జవాబు చెప్పాను.

షష్ఠి, మధ్యాహ్నం

మా కాయ పోయింది.

పొద్దున గోడ మీద చెయ్యి వేస్తే మణికట్టు దాకా దిగిపోయింది. లోపల గోరువెచ్చగా, జిగటగా ఉంది. అరిచాను. ఎప్పుడూ అరవని మనిషిని, ఊరంతా పరిగెత్తుకొచ్చింది. వల్లినీ పిల్లనీ దుప్పట్లో చుట్టి పడవలోకి దించాం. సింహాద్రి ఉయ్యాల ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. మిగతావేవీ తేలేకపోయాం.

సరంగుగారే గొడ్డలి తీసుకుని, మా కాయని తీగకి పట్టి ఉంచే కాడ నరికారు. లేకపోతే తీగని కూడా లాక్కుపోయేది. కాయ ఒక పక్కకి ఒరిగి, బుడగలు తీస్తూ, నెమ్మదిగా దిగిపోయింది. నేను పెరిగిన ఇల్లు. చివరికి నీళ్ల మీద ఆ తీపి వాసన ఒక్కటే మిగిలింది, అది కూడా చాలాసేపు పోలేదు.

"మా కాయలో ఉండండి చెల్లెమ్మా," అన్నారు సరంగుగారు. "ఒంటిగాణ్ణి, గదులున్నాయి."

ఆ మంచితనం నేను ఎన్నటికీ మర్చిపోను. ముందు ఏం రాయవలసి వచ్చినా ఈ మాట మాత్రం ఇక్కడే ఉంటుంది.

అత్త వెంటనే పనిలో పడింది. కొత్త గదికి కిటికీ మూసింది, చాపలు కట్టింది. "గాలి తగిలితే బాలింతకి సన్నిపాతం కమ్ముద్ది, ఇల్లు పోతే పోయింది, మనిషి ఉండాలి," అంటూ తెప్ప మీదున్న కుండా గుడ్డలూ సర్దుకుంది. ఆవిడ లేకపోతే ఈ రోజు నేను కూలబడిపోయేదాన్ని.

నవమి, పొద్దున్నే

మళ్లీ ఆ వాసన.

సరంగుగారి కాయలో. నిద్రలో నోట్లో నీళ్లూరి లేచాను. లేచి కదలకుండా కూర్చున్నాను. ఆయన కూడా లేచి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఊళ్లో మిగతా కాయలన్నీ తట్టి వచ్చాను. అన్నీ గట్టి. మేం ఉన్న కాయే చెడింది, మేం వదిలేసిన కాయే మునిగింది. వంట తెప్ప దగ్గర ఆడవాళ్లు నేను రాగానే మాటలు ఆపేశారు. ఒకావిడ మాత్రం నా మొహం మీదే అడిగేసింది: "పిల్లని ఎత్తుకుంటే చేతికేమన్నా అంటుతుందా, నూకరత్నమ్మా?"

"మీ నోరు పడిపోను," అన్నాను. ఇంకా చాలా అన్నాను. కానీ తిట్టేటప్పుడు నా గొంతు వణికింది, అది వాళ్లూ విన్నారు.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఇంటికి వచ్చి, వల్లి కళ్లు మూసుకుని ఉండగా, ఉయ్యాల మీదికి వంగి పిల్ల తల వాసన చూశాను. తియ్యగా ఉంది. అదే వాసన. పిల్ల జుట్టులో, మెడ కింద, చుట్టిన గుడ్డలో. నా మనవరాలిని చూసి నేను భయపడ్డాను. ఉయ్యాల వదిలి వెనక్కి జరిగాను.

వల్లి నిద్రపోలేదు. నన్నే చూస్తోంది.

"అమ్మా, నువ్వు కూడానా?" అంది.

బయటికొచ్చి తీగ పట్టుకుని ఏడ్చాను.

దశమి, మధ్యాహ్నం

ఊరంతా పడవలు కట్టుకుని సరంగుగారి కాయ చుట్టూ చేరింది. కేకలు లేవు, అందరూ మెల్లగానే మాట్లాడారు. అదే ఎక్కువ భయపెట్టింది. డాక్టరమ్మ అడిగిన మాట ఊరంతా పాకింది. కొత్తగా వచ్చింది ఏది? పిల్ల.

సరంగుగారు నా ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"చంపమనడం లేదు చెల్లెమ్మా. తల్లినీ పిల్లనీ వంట తెప్ప మీద ఎక్కించి, సాయంత్రం పాటుకి తీగకి దూరంగా లాగి లంగరేద్దాం. గట్టు పడవ వచ్చేదాకానే."

"గట్టు పడవ వాయుగుండం వెళ్లాకే వస్తుందండి."

"ఆయ్. తెలుసు."

"కప్పులేని తెప్ప. పది రోజుల పిల్ల."

"మిగతా పిల్లలు కూడా ఉన్నారు కదమ్మా ఊళ్లో," అన్నారాయన. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా చేశారు.

"నేనూ ఎల్తాను," అన్నాడు సింహాద్రి. ఆకాశం దక్షిణం వైపు నల్లగా ఉంది. పెట్టె తిప్పితే గరగర తప్ప లేదు.

వల్లికి గుడ్డలు సర్దడానికి తెప్ప మీదికి వెళ్లాను. అత్త అక్కడ కూర్చుని కుంపటిలో బొగ్గులు ఊదుతోంది. ఊది, ఎర్రబడ్డాక పట్టకారుతో కుండలోకి తీసి, మీద బూడిద కప్పి, సాంబ్రాణి చల్లింది. పొగ లేచింది.

"ఇప్పుడెందుకత్తా ఇది?"

"ఎల్లేముందు పిల్లకి ఓసారి ఏసి పంపుతాను. అక్కడ గాల్లో ఏం నిలుస్తాది?"

"రోజూ ఈ కుండే తీసుకొస్తున్నావా లోపలికి?"

"మరేటి? రెండు పూటలా. నిప్పు ఇక్కడే సేత్తన్నాను, కట్టుబాటు నాకు తెలీదా? లోపలికొచ్చేది పొగే. పొగ నిప్పేటే?"

నేను ఆ కుండ వంక చూస్తూ ఉండిపోయాను. కాయలో నిప్పు పెట్టకూడదు అన్నారు పెద్దలు. ఎందుకో చెప్పలేదు, మేం అడగలేదు. మాటని పట్టుకున్నాం, భయం దేనికో వదిలేశాం. ఆ వాయువు నిప్పులోంచి వస్తుందనే కదా నిప్పు పెట్టారా అని డాక్టరమ్మ అడిగింది, పొగలో మాత్రం ఉండదా? నేను లేదని చెప్పాను. నిజమే చెప్పాను. ఆ నిజంతోనే నా మనవరాల్ని సముద్రం మీదికి పంపబోతున్నాం.

కుండ లాక్కుని నీళ్లలో పడేశాను. అత్త నన్ను తిట్టిన తిట్లు చిట్టాలో పట్టవు.

దశమి, పాటు మొదలయ్యాక

సరంగుగారిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను. ఎనిమిది మంది వెనకే వచ్చారు. చాపలన్నీ పీకేశాను.

ఉయ్యాల పక్క గోడ తట్టాను. ఠంగుమంది. వల్లి మంచం పక్కన తట్టాను. ఠంగుమంది. తలుపు మూల, అత్త రోజూ కుండ పెట్టి, మీద బుట్ట బోర్లించి, గుడ్డలకి పొగ పట్టించే చోట తట్టాను. దబ్బుమంది. అక్కడ గోడ పసుపు తిరిగి ఉంది.

"పిల్ల వల్లయితే ఉయ్యాల పక్క గోడ ముందు మెత్తబడాలా, తలుపు మూలా?" అన్నాను. "కిటికీ మూశాం. సందులు కూరాం. చాపలు కట్టాం. లోపల పొగేశాం. కాయని పండబెట్టడానికి ఇంతకన్నా ఏం చేస్తారండీ ఎవరన్నా? పిల్ల తలకి వాసనంటే ఆ గుడ్డల్లోంచి వచ్చిందే."

బంగారమ్మత్త గుమ్మంలోనే కూలబడింది. "నేను పోసిన పురుళ్లన్నిటికీ పొగేశానే. ఒక్క పిల్ల పోలేదు నా చేతిలో," అంది.

"పంటు ఇనపది కదత్తా," అన్నాను.

సరంగుగారు గోడ వంక, ఉయ్యాల వంక మార్చి మార్చి చూశారు. "నువ్వు చెప్పింది నమ్మాలనే ఉందమ్మా. తప్పయితే? నా కాయతో పోదు, తీగ మొత్తం పోద్ది."

నిజానికి ఆ అనుమానం నాకూ ఉంది. వేలు చెప్పిందే నాకు తెలుసు, అంతకు మించి నాకేం తెలుసు? అయినా సున్నం గిన్నె తీసుకుని, మెత్తబడ్డ చోటు చుట్టూ, గట్టి గోడ మీద, ఒక గీత గీశాను.

"పొగ మానేశాం. కిటికీలన్నీ తీసేస్తాం. రేపు పొద్దుటి పోటుకి మెత్తదనం ఈ గీత దాటితే, నేనే తెప్ప లాగి పిల్లని పంపుతాను. దాటకపోతే పిల్ల జోలికి ఎవ్వరూ రావద్దు."

ఆయన గీత పొడవునా వేలు పెట్టి చూశారు.

"ఒక మాట," అన్నారు చివరికి. "రేపు తట్టేది నువ్వు కాదు. నీ చెవి నీ మనవరాలి పక్షం. నేను తడతాను."

కాదనలేకపోయాను. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

కిటికీలు తీశాం. పొగ పట్టిన దుప్పట్లు, చాపలు, పొత్తిగుడ్డలు అన్నీ బయటికి విసిరేశాం. గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి పడింది. వల్లి వణికింది. అత్త లేచి, చీర కొంగు విప్పి, కిటికీకి అడ్డంగా వీపు పెట్టి నిలబడింది.

"అత్తా, జరుగు. గాలి రావాలి."

"బాలింత అది."

"తెలుసు. జరుగు."

జరగలేదు. చిన్నపిల్లని లాగినట్టు చెయ్యి పట్టుకుని లాగాను. ఆవిడ వచ్చి వల్లిని తన ఒంటితో కప్పి పడుకుంది. పిల్లని సింహాద్రి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

ఏకాదశి, పొద్దుటి పోటు

రాత్రి సంగతి రాయను. ఒక్కటి రాస్తాను. ఎన్నోసార్లు లేచి గోడ దాకా వెళ్లాను, తట్టకుండా తిరిగి వచ్చాను. తడితే తెలిసిపోతుంది. తెలిశాక అబద్ధం ఆడతానేమోనని భయం వేసింది. నిజం చెబుతానేమోనని ఇంకా భయం వేసింది.

తెల్లారేసరికి వల్లి పెదాలు నీలంగా ఉన్నాయి గానీ లేచి కూర్చుంది, పిల్లకి పాలు పట్టింది. సరంగుగారు వచ్చారు. బయట ఊరంతా పడవల్లో ఉంది.

ఆయన తట్టడం ఎలాగో నేనే చూపించాను. వేలు మడవాలి, కణుపు తగలాలి. ముందు గీత లోపల తట్టారు. దబ్బు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తర్వాత సరిగ్గా గీత మీద తట్టారు.

నాకు వినపడలేదు. నా చెవుల్లో నా గుండె చప్పుడే ఉంది.

ఆయన మళ్లీ తట్టారు. గీత చుట్టూ తిరుగుతూ తట్టారు. ఎడమ పక్క ఒక చోట ఆగిపోయారు. అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఉండిపోయారు. అక్కడే ఎందుకు ఆగారు? సింహాద్రి పిల్లని గట్టిగా పట్టుకున్నాడు, పిల్ల ఏడుపు మొదలెట్టింది. ఆ ఏడుపులోనే ఆయన ఇంకోసారి తట్టారు.

ఠంగుమంది. ఈసారి నాకు వినపడింది. అందరికీ వినపడింది.

"గట్టి," అన్నారు సరంగుగారు. అని, గోడకి తల ఆనించుకుని అక్కడే కూర్చుండిపోయారు. ఏడుస్తున్నారని కాసేపటికి గానీ తెలియలేదు.

తర్వాత ఆయనే కత్తి తెచ్చి, గీత వెంబడి కోసి, పండిన ముక్కని ఊడదీశారు. తామరాకంత ముక్క, పసుపుగా, రసం కారుతూ. పారెయ్యబోతే బంగారమ్మత్త చెయ్యి చాచింది. "ఇటియ్యి. మా మామ్మ చెప్పేది దీని గురించి," అంది. అందరం వద్దంటుండగానే కొరికింది. నమలడానికి పళ్లు అక్కర్లేకపోయింది. తింటూ కళ్లు మూసుకుంది. చేతుల మీదుగా రసం కారిపోయింది. ఆవిడకేమవుతుందోనని సాయంత్రం దాకా చూశాం. ఏమీ కాలేదు.

మధ్యాహ్నానికి పెట్టె పలికింది. డాక్టరమ్మకి చెప్పాను, నిప్పు కాదండి, పొగ అని. ఆవిడ, "నేను పొగ అని అడగాల్సింది," అంది. నేను కూడా ఆవిడతో అదే అన్నాను, కొంచెం గట్టిగానే.

సరంగుగారి కాయ: గట్టి.

మరుసటి ఏటి కార్తీకం, తదియ, పొద్దున

కట్టుబాటు మార్చి రాశాం. కాయలో నిప్పు పెట్టకూడదు, పొగ తేకూడదు, ఎందుకంటే కాయ పండుతుంది. ఆ "ఎందుకంటే" నేనే పట్టుబట్టి రాయించాను. పురుళ్లకి తెప్ప మీద వెదురు గది కట్టారు. అక్కడ అత్త చేతినిండా పొగ వేసుకోవచ్చు. వేస్తోంది కూడా.

సరంగుగారి కాయలో కోసిన చోట కన్నం అలాగే ఉంది. పూడుస్తానంటే ఆయన వద్దన్నారు. గాలి బాగా వస్తోందట. మేం ఇంకా అక్కడే ఉంటున్నాం. మా కొత్త పిందె ప్రస్తుతం పిల్లి దూరేంత ఉంది.

భయం మాత్రం పోలేదు. కమ్మటి వాసన ఏది తగిలినా చటుక్కున లేస్తాను. రోజూ గోడలన్నీ తట్టి వచ్చి, ఆఖరికి పిల్ల నడినెత్తిన ఆముదం పెడతాను. ఇన్నాళ్లూ ఆ వేలి కింద మాడు మెత్తగా, ఊపిరి తీస్తున్నట్టు ఆడుతూనే ఉండేది. రోజూ నా చెయ్యి అక్కడికి వెళ్లేముందు ఒకసారి ఆగేది. వల్లి చూసి మొహం తిప్పుకునేది. నేను వెనక్కి జరిగిన ఆ పొద్దుటిని తను మర్చిపోలేదు, మర్చిపొమ్మని నేను అడగలేదు.

ఈ రోజు నూనె పెడుతుంటే వేలి కింద ఎముక తగిలింది. నమ్మకం కలగలేదు. మళ్లీ తడిమాను. గట్టిగా ఉంది.

"వల్లీ, ఇలా రా," అన్నాను. తను వచ్చి, తన వేలు నా వేలి పక్కన పెట్టి చూసింది. కాసేపు అలాగే ఉంచింది.

"ఇంక భయం లేదులే అమ్మా. రేపట్నుంచి చూడక్కర్లేదు," అంది.

సరేనన్నాను. రేపు కూడా చూస్తాను.

అన్ని కాయలూ: గట్టి. పిల్ల మాడు: గట్టి.